‘ఇజ్జత్ పోతది’ అన్నప్పుడు ఏం చెయ్యాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండ, సూర్యాపేట, పాలమూరు వైపు ఇళ్లల్లో రోజూ వినపడే ప్రశ్నలే ఇవి. డిగ్రీ చదివే పిల్లలు అడిగినవి కొన్ని, వాళ్ల అమ్మానాన్నలు గొంతు తగ్గించి అడిగినవి కొన్ని. హైదరాబాద్‌లో సొంత జీతం మీద బతికే మనిషికీ, ఊళ్లో నాయిన పేరు మీదున్న రెండెకరాలు నమ్ముకున్న మనిషికీ ఒకే సలహా పనికిరాదు. మీ పరిస్థితికి సరిపోయింది తీసుకోండి, మిగతాది పక్కన పెట్టండి.

నలుగురు ఏమనుకుంటారో అని భయపడటం తప్పా?

తప్పు కాదు. ఊళ్లో వాళ్లతో మనకు అవసరం ఉంటుంది. అర్ధరాత్రి ఛాతీలో నొప్పి వస్తే మిర్యాలగూడ దాకా కారు తీసేది పక్కింటాయనే. నాట్లకు కూలీలు దొరకనప్పుడు బదులుకు వచ్చేది వాడకట్టు ఆడవాళ్లే. బిడ్డకు సంబంధం తెచ్చేది, చిట్టీకి జామీను నిలబడేది, ఇంట్లో చావు జరిగితే పాడె మోసేది కూడా వాళ్లే. బోర్లు ఎండి బొంబాయికి, పూణెకు వలస పోయిన పాలమూరు కుటుంబాల ముసలి తల్లిదండ్రులను ఏళ్ల తరబడి కనిపెట్టుకుని ఉన్నది ఇరుగుపొరుగే. అలాంటి చోట ‘ఎవరేమనుకుంటే నాకేంది’ అని తిరిగేవాణ్ణి చూసి ముచ్చటపడాల్సిన పని లేదు. వాడి ఇంటి అవసరాలకు పరిగెత్తేది వాళ్లమ్మ.

భయం ఉండనివ్వండి. ఏయే విషయాల్లో నలుగురి మాట వింటే మీ ఇల్లు కోలుకోలేని దెబ్బ తింటుందో అది మాత్రం ముందే తెలుసుకోండి. నేను చూసినంతలో అవి నాలుగే: అప్పు, పెళ్లి, చదువు, తాగుడు. మిగతా వాటిలో ఎంత సర్దుకుపోయినా పెద్దగా పోయేదేం లేదు.

చదువుకున్నవాళ్లు, తెలివైనవాళ్లు కూడా గుంపులో తలూపుతారెందుకు?

1951లో అమెరికాలో సాలమన్ యాష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కాలేజీ కుర్రాళ్ల మీద ఒక ప్రయోగం చేశాడు. ఒక కార్డు మీద ఒక గీత, ఇంకో కార్డు మీద మూడు గీతలు. మూడింట్లో మొదటిదానితో సమానమైన గీత ఏదో చెప్పాలి. బడికి పోని పిల్లాడైనా చెప్పగలడు. కానీ గదిలో ఒక్కడు తప్ప మిగతావాళ్లంతా యాష్ ముందే మాట్లాడి పెట్టుకున్న మనుషులు. వాళ్లు వరసబెట్టి ఒకే తప్పు జవాబు చెబుతారు. సంగతి తెలియని కుర్రాడి వంతు చివర్లో వస్తుంది. నలుగురు కుర్రాళ్లలో ముగ్గురు కనీసం ఒక్కసారైనా, కళ్లెదుట ఉన్న గీతను కాదని, గుంపు చెప్పిన తప్పే చెప్పారు. చదువుకూ దీనికీ సంబంధం లేదు. అంతమంది ముందు వేరుగా కనపడటం ఎవరికైనా కష్టమే.

ఈ ప్రయోగంలో మనకు పనికొచ్చే సంగతి ఇంకోటి ఉంది. గదిలో ఇంకొక్క మనిషి సరైన జవాబు చెప్పినా చాలు, కుర్రాళ్లు గుంపు వెంట పోవడం బాగా తగ్గిపోయింది. జవాబు పైకి చెప్పకుండా కాగితం మీద రాయమన్నా తగ్గింది. పెద్దమనుషులు గుండ్రంగా కూర్చున్నచోట అడిగితే ఏ తండ్రైనా ‘అందరు ఎట్లంటే గట్ల’ అంటాడు. అదే మనిషిని తెల్లారి పొలం గట్టు మీద ఒంటరిగా అడిగి చూడండి. వేరే మాట వస్తుంది.

అందరూ ఒప్పుకుంటున్నారు. నా ఒక్కడికే తప్పనిపిస్తోందా?

కాకపోవచ్చు. 1993లో ప్రిన్స్‌టన్ యూనివర్సిటీకి చెందిన డెబోరా ప్రెంటిస్, డేల్ మిల్లర్ అనే పరిశోధకులు అక్కడి విద్యార్థులను తాగుడు గురించి అడిగారు. క్యాంపస్‌లో తాగుతున్న తీరు మీకెలా అనిపిస్తోంది, మిగతావాళ్లకు ఎలా అనిపిస్తోందని మీ అంచనా? ఎక్కువమంది ధోరణి ఒకటే: నాకైతే ఇబ్బందిగానే ఉంది, మిగతావాళ్లకు మాత్రం బాగానే ఉన్నట్టుంది. ఎవరూ బయటపడరు కాబట్టి ఎవరికి వాళ్లు తామే తేడా అనుకున్నారు.

మన ఫంక్షన్ల సంగతి అచ్చం ఇదే. బంతిలో కూర్చున్నప్పుడు ‘మస్తు చేసిండు’ అంటారు. ఇంటికి పోతూ బండి మీద భార్యతో ‘గింత అవసరమా వీనికి’ అంటారు. మొదటి మాట ఊరంతా వింటుంది. రెండోది ఆమె తప్ప ఎవరూ వినరు. వచ్చే ఏడాది అదే మనిషి అంతకన్నా పెద్ద ఫంక్షన్ చేస్తాడు.

దావత్‌లో తాగనంటే వదలడం లేదు.

మొదటిసారే ‘నేను తాగను’ అనండి. కారణం చెప్పకండి. ‘గోళీలు వాడుతున్న’ అంటే, వచ్చే దావత్‌లో ‘గోళీలు అయిపోయినయా అన్నా’ అంటూ వస్తారు. ‘మాల వేసుకున్న’ అంటే మాల తీసిన మర్నాడే గ్లాసు మీ ముందు ఉంటుంది. బండి నడపాలి అన్న కారణం మాత్రం గట్టిది: 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే కేసు అవుతుంది, అది అందరికీ భయమే.

చేతులు ఖాళీగా పెట్టుకోకండి. థమ్సప్ గ్లాసైనా పట్టుకోండి, లేదంటే వడ్డనకు దిగండి. మటన్ గిన్నె చేతిలో ఉన్నవాడి జోలికి ఎవరూ రారు. ‘ఏం మగోనివిరా’ అనే మాటలు రెండు మూడు దావత్‌ల వరకే. తర్వాత ‘వాడు తాగడులే’ అని వాళ్లే చెప్పుకుంటారు. ఆపైన అందర్నీ ఇళ్లకు దింపే పని మీ నెత్తిన పడుతుంది. దానికి మాత్రం నా దగ్గర ఉపాయం లేదు.

బిడ్డకు పట్టుచీరల ఫంక్షన్ చెయ్యకపోతే ఇజ్జత్ పోతుందంటున్నారు. చేతిలో పైసల్లేవు. ఏం చెయ్యాలి?

ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

ముందు లెక్క. ఫంక్షన్‌హాల్, మటన్, డీజే, ఫొటోలు, డ్రోను, పిలుపులకు తిరిగే పెట్రోలు, దగ్గరివాళ్లకు బట్టలు అన్నీ కలిపి 3 లక్షలు అనుకుందాం. ఊళ్లో నూటికి 2 రూపాయల మిత్తికి తెస్తే నెలకు 6,000, ఏడాదికి 72,000. అది మిత్తే, అసలు కదలదు. పత్తి పంట దెబ్బతిని నాలుగేళ్లు ఏమీ కట్టలేకపోతే మిత్తే 2,88,000 అవుతుంది, అంటే దాదాపు అసలంత. ఆ నాలుగేళ్లలో పన్నెండేళ్ల పిల్ల ఇంటర్‌కు వస్తుంది, ఫీజు కట్టే వేళకు చేతిలో పైసా ఉండదు. ఈ లెక్కను నోటితో చెప్పకుండా కాగితం మీద వేసి భార్యాభర్తలిద్దరూ ఒకచోట కూర్చుని చూడండి.

‘సదివింపులు వస్తయి కదా’ అని ఎవరో ఒకరు అంటారు. వస్తాయి. గేటు దగ్గర టేబుల్ వేసుకుని, దస్తూరి బాగున్న పిలగాణ్ణి కూర్చోబెట్టి, ఊరి పేరు, ఇంటి పేరు, 500 అని రాయించే ఆ నోట్‌బుక్కు ఏ ఇంట్లోనూ పారెయ్యరు. బీరువాలో పట్టాపుస్తకం పక్కన ఉంటుంది. ఎందుకంటే అందులో రాసిన ప్రతి 500 తిరిగి పెట్టాల్సిందే, వీలైతే ఇంకో వంద కలిపి. అది రాబడి కాదు, మిత్తి లేని అప్పు. ఈలోగా హాల్‌వాడికీ, డీజేవాడికీ ఇచ్చింది మాత్రం తిరిగి రాదు.

ఇక ఆ పిల్ల సంగతి. కార్డు మీద ‘నూతన వస్త్రాలంకరణ’ అని అచ్చేయించినా, సెంటర్‌లో పెట్టిన ఫ్లెక్సీలో ఆమె ఫొటో చూసి బడిలో మగపిల్లలు ఏమంటారో ఆమెకు తెలుసు. సింహాసనం లాంటి కుర్చీలో, బరువైన పూలజడతో, మూడు గంటలు కదలకుండా కూర్చోవాలి. కొంతమంది పిల్లలకు ఇదంతా ఇష్టమే, అబద్ధమెందుకు చెప్పాలి. పట్టుచీర కట్టుకుని ఫొటోలు దిగడం ఏ వయసులోనైనా సరదానే. కానీ అడిగినవాళ్లు ఎంతమంది? ముందు ఆమెను అడగండి. చీర, ఫొటోలు కావాలంటే ఇంట్లోనే తీసుకోవచ్చు, ఫ్లెక్సీ అక్కర్లేదు.

చెయ్యకూడదని అనుకుంటే మొదట చెప్పాల్సింది మేనమామకు. చీర, సారె తేవాల్సింది ఆయనే, కాబట్టి ఖర్చు ఆయనకూ ఉంది. మీ నోటి నుంచి వింటే ఊపిరి పీల్చుకుంటాడు. వేరే ఎవరి ద్వారానో తెలిస్తే ‘నన్ను లెక్కచెయ్యలె’ అని పదేళ్లు గుర్తుపెట్టుకుంటాడు. తర్వాత పాలోళ్లలో పెద్దాయనకు చెప్పండి. ఇంట్లో ఒక పూట, దగ్గరివాళ్ల వరకు భోజనం పెట్టండి. ఇతరుల ఫంక్షన్లకు వెళ్లడం, సదివించడం మానకండి. ‘మా కాడ తిని వాళ్లు పెట్టలేదు’ అన్న మాటకు అదే మందు.

కట్నం వద్దనుకుంటున్నాను. మా నాయిన ఒప్పుకోడు, పైగా అమ్మాయి వాళ్లే అనుమానపడుతున్నారు.

నిజమే, కట్నం వద్దనే పిలగాడికి ఏదో లోపం ఉందనుకునే రోజులివి. రోగమా, పాత ప్రేమా, ఉద్యోగం ఉత్తిదా అని ఆరా తీస్తారు. కోపం తెచ్చుకోకుండా ఆరా తియ్యనివ్వండి. జీతం కాగితం చూపించండి, వాళ్ల ఊరి వాళ్లెవరైనా మీ ఆఫీసులో ఉంటే వాళ్లతో మాట్లాడమనండి. ఆడపిల్ల తండ్రి జాగ్రత్తపడటంలో తప్పు లేదు.

మీ నాయినతో మాట్లాడాల్సింది పెళ్లిచూపుల తర్వాత కాదు, మధ్యవర్తి ఇంట్లో అడుగు పెట్టకముందే. ఒకసారి నలుగురిలో అంకె బయటికొచ్చాక దాన్ని వెనక్కి తీసుకోవడం ఆయనకు తలకొట్టేసినట్టు ఉంటుంది. చాలా ఇళ్లల్లో ఆ అంకె వెనక ఇంకో లెక్క ఉంటుంది: చెల్లె పెళ్లికి ఇచ్చిన కట్నం అప్పు దీనితో తీర్చాలని. ఆ అప్పును నెలకింతని మీరే కడతానని ముందుకొస్తే మీ మాటకు విలువ ఉంటుంది. అప్పు ఆయనకు వదిలేసి ఆదర్శం మీరు ఉంచుకుంటే ఇంట్లో ఎవరూ వినరు, వినకపోవడంలో న్యాయం కూడా ఉంది.

చట్టం సంగతి: 1961 వరకట్న నిషేధ చట్టం ప్రకారం తీసుకోవడం, ఇవ్వడం రెండూ నేరాలే. శిక్ష కనీసం ఐదేళ్లు, జరిమానా 15,000 లేదా కట్నం విలువ, ఏది ఎక్కువైతే అది. అడిగినందుకే ఆరు నెలల నుంచి రెండేళ్ల వరకు పడొచ్చు. ‘మేము అడగలే, వాళ్లే ఇచ్చిండ్రు’ అనేవాళ్లు ఈ ముక్క చదవాలి. ‘ఇద్దరం గుట్టుగా ఉంటే ఎవరికి తెలుస్తది’ అనేదీ అందరికీ తెలిసిందే. అందుకే కేసు భయంతో కట్నం ఆగడం లేదు. తీసుకునే పిలగాడు నోరు తెరిచిన చోట ఆగుతోంది.

పెళ్లికి బంగారం లేకుండా, మామూలు చీరలో వెళ్తే అందరూ నన్నే చూడరా?

మీరనుకున్నంతమంది చూడరు. అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీ పరిశోధకులు ఒక ప్రయోగంలో విద్యార్థులకు నలుగురూ నవ్వే బొమ్మ ఉన్న టీషర్టు తొడిగి గదిలోకి పంపారు. ఆ బొమ్మను సగంమందైనా గమనించి ఉంటారని వేసుకున్నవాళ్లు అనుకున్నారు. నిజంగా గమనించింది దాదాపు పావువంతే. 2000లో అచ్చైన పరిశోధన ఇది. పెళ్లికొచ్చిన ప్రతి ఆమె తన గొలుసు సంగతి తను చూసుకుంటుంటుంది. గిల్టువి పెట్టుకొచ్చిన ఆమెకైతే ఇంకా టెన్షన్.

ఆఫీసులో నా యాసకు నవ్వుతున్నారు. మార్చుకోవాలా?

ఇంటర్వ్యూలో, కస్టమర్‌తో మాట్లాడేటప్పుడు వాళ్లకు అర్థమయ్యేలా మాట్లాడటం ఉద్యోగంలో భాగం. అందులో మిమ్మల్ని మీరు పోగొట్టుకునేదేం లేదు. ఊళ్లో అమ్మమ్మతో ఒకలా, బ్యాంకు మేనేజర్‌తో ఒకలా అందరం మాట్లాడుతూనే ఉన్నాం. కానీ అమ్మ ఫోన్ చెయ్యగానే మెట్ల దాకా పరిగెత్తి, గోడ వైపు తిరిగి, చెయ్యి అడ్డం పెట్టుకుని ‘అన్నం తిన్ననే, మల్ల జేస్త’ అంటున్నారా? అక్కడ ఆగి ఆలోచించండి. సీట్లోనే కూర్చుని మాట్లాడండి. వారం రోజుల్లో ఎవరూ పట్టించుకోరు.

తెలంగాణలో కవులే లేరని ఒకాయన రాస్తే, పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి తిట్టుకు తిట్టు రాయలేదు. ఊరూరి నుంచి పద్యాలు తెప్పించి, 354 మంది కవులను ఒకచోట చేర్చి, 1934లో అచ్చేయించి చేతిలో పెట్టారు. నవ్వినవాళ్లకు పనితో జవాబు చెప్పే పద్ధతి నాకు నచ్చుతుంది. అయితే ప్రతిరోజూ ప్రతి నవ్వుకూ జవాబు చెబుతూ కూర్చుంటే నౌకరీ ఎప్పుడు చేస్తారు?

అందరూ బీటెక్ అంటున్నారు, లేదంటే సర్కారు నౌకరీకి ప్రిపేరవమంటున్నారు. నాకు వేరే పని ఇష్టం.

‘నీకు నచ్చింది చెయ్యి’ అనే సలహా సగమే. నచ్చినదాని మీద నెలకెంత వస్తుంది, ఎన్నాళ్లకు వస్తుంది, అప్పటిదాకా అన్నం ఎవరు పెడతారు అన్నది మిగతా సగం. ఆ సగం మీ దగ్గర ఉంటే ఇంట్లో మాట్లాడండి, ఒక ఏడాదో రెండేళ్లో గడువు అడగండి. గడువు అడిగినవాడితో తల్లిదండ్రులు బేరం ఆడతారు. ‘నా బతుకు నా ఇష్టం’ అన్నవాడితో కొట్లాటే.

సర్కారు నౌకరీకి ప్రిపేరవడం కూడా అందరూ అనుకున్నంత భద్రమైన దారి కాదు. నోటిఫికేషన్ కోసం హైదరాబాద్‌లో అశోక్‌నగర్ రూముల్లో ఏళ్లు గడిచిపోయిన పిల్లలు ప్రతి మండలంలో ఉన్నారు. మరోవైపు గద్వాల, నారాయణపేట, పోచంపల్లి మగ్గాల మీద పనిచేసే ఇళ్లల్లో పిల్లలను ‘ఈ కష్టం నీకొద్దు’ అని తల్లిదండ్రులే దూరం చేస్తున్నారు. వాళ్ల బాధ వాళ్లది, దానికి కారణాలున్నాయి. డిజైన్, అమ్మకం నేర్చుకుని మగ్గం దగ్గరికే తిరిగొస్తానన్న పిల్లను మాత్రం పిచ్చిదన్నట్టు చూడకండి.

‘పెళ్లెప్పుడు?’, ‘పిల్లలెప్పుడు?’ అని అడిగేవాళ్లకు ఏం చెప్పాలి?

‘కాంగనే మీకే ముందు చెప్త పెద్దమ్మా’ అని నవ్వి, ఆమె మోకాళ్ల నొప్పుల సంగతి అడగండి. వివరాలు చెప్పాల్సిన బాకీ మీకు లేదు.

నేను చెప్పినట్టు వినకపోతే చస్తానని అమ్మ అంటోంది.

రెండు పనులు వేరువేరుగా చెయ్యాలి. మొదటిది, ఆ మాటను తేలిగ్గా తీసుకోకండి. మన ఇళ్లల్లో పురుగుమందు డబ్బాలు వరండాలోనే ఉంటాయి. వాటిని ఆ రోజే తాళం ఉన్న చోటికి మార్చండి, ఆమెను ఒంటరిగా వదలకండి, ఆమె మాట వినే అక్కనో చెల్లెనో పిలిపించండి. 14416కు ఫోన్ చేస్తే టెలీమానస్ అనే సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌లో ఉచితంగా తెలుగులోనే మాట్లాడతారు. ప్రాణాపాయం అనిపిస్తే 112.

రెండోది, ఆ రాత్రి ఏ నిర్ణయమూ తీసుకోకండి. అవుననీ కాదనీ అనకండి. ‘నువ్వు బాగుండాలె అమ్మా, ఈ సంగతి వారం తర్వాత మాట్లాడదాం’ అనండి. ఏడుపు మధ్య ఇచ్చిన మాటతో జరిగిన పెళ్లి ఇద్దరి బతుకులనూ, పెళ్లిపీటల మీద పక్కన కూర్చున్న మూడో మనిషి బతుకునూ పాడు చేస్తుంది. ఆ మూడో మనిషిని ఎవరూ తలుచుకోరు.

వేరే కులం అమ్మాయిని ప్రేమించాను. ధైర్యంగా నిలబడమంటారా?

ఈ ఒక్క చోట ధైర్యం కన్నా జాగ్రత్త ముందు. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో, కులాంతర వివాహం చేసుకున్న యువకుణ్ణి, గర్భవతి అయిన భార్య పక్కన ఉండగానే, ఆసుపత్రి బయట పట్టపగలు నరికి చంపారు. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి జీవితఖైదు వేసింది. తీర్పు రావడానికి ఆరున్నరేళ్లు పట్టింది. ప్రేమ గొప్పది, లోకం లెక్కేంటి అని మీకు చెప్పడం నావల్ల కాదు.

తెలుసుకోవాల్సినవి: 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద చేసుకుంటే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, దాన్ని ఆఫీసులో అంటిస్తారు, ముగ్గురు సాక్షులు కావాలి. అంటే సంగతి ఇంట్లో తెలిసే అవకాశం ఉంది, ఆ నెల రోజులు ఎక్కడుంటారో ముందే ఆలోచించుకోవాలి. అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండాలి. ఇద్దరు మేజర్లు ఇష్టపడితే కుటుంబం, కులం ఒప్పుకోవాల్సిన పని లేదని 2018 మార్చిలో సుప్రీంకోర్టు శక్తి వాహిని కేసులో చెప్పింది. ఇలాంటి జంటలకు పోలీసు రక్షణ, సురక్షితంగా ఉండే చోటు ఇవ్వాలని కూడా ఆదేశించింది. బెదిరింపు వచ్చిందంటే నోటిమాటతో సరిపెట్టకుండా రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి, నకలు దాచుకోండి. ఆడపిల్లలకు 181, ఉచిత న్యాయసాయానికి 15100 ఉన్నాయి.

ఒక మాట సూటిగా చెబుతాను. అమ్మాయి ఇంకా వాళ్లింట్లోనే ఉంటే ముందు దెబ్బ పడేది ఆమెకు. మీ ధైర్యం ఆమె ఒంటి మీద పరీక్షించకండి.

కులపోళ్లు జరిమానా వేస్తామని, మాట్లాడనివ్వమని అంటున్నారు.

జరిమానా వేసే అధికారం ఏ కులసంఘానికీ, ఏ పెద్దమనుషులకూ లేదు. కట్టకండి. తప్పనిసరై కడితే రాయించుకోండి, ఆ కాగితమే రేపు సాక్ష్యం. ఎస్సీ, ఎస్టీలను ఆ వర్గాలకు చెందనివాళ్లు వెలి వేసినా, వేస్తామని బెదిరించినా అట్రాసిటీ చట్టం కింద నేరం. జిల్లా కోర్టులో న్యాయసేవాధికార సంస్థ ఉంటుంది, అక్కడ వకీలు ఖర్చు లేకుండా దొరుకుతాడు.

ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో ఒక కులం మీదో మతం మీదో పెట్టేవాటికి అందరూ దండాలు పెడుతున్నారు. నేనూ పెట్టాలా?

అక్కర్లేదు. బాబాయికి విడిగా మెసేజ్ పెట్టండి: ‘బాబాయ్, ఇది నిజం కాదట, చూసి తీసెయ్యి’ అని. గ్రూపులో అంటే ఆయనకు పట్టుదల వస్తుంది, విడిగా అంటే ఒక్కోసారి తీసేస్తాడు.

మన జిల్లాల్లో ఇలా ఎదురు నిలిచినవాళ్లు ఉన్నారా?

దేశంలో ఎక్కడా లేనంతమంది ఉన్నారని నేను గొప్పకు పోను కానీ, తక్కువేం లేరు. కరివిరాల కొత్తగూడెంలో భూస్వామ్య కుటుంబంలో పుట్టిన మల్లు స్వరాజ్యం చిన్నవయసులోనే సొంత ఇంటి వడ్లు కూలీలకు పంచి, తర్వాత తెలంగాణ సాయుధ పోరాటంలో తుపాకి పట్టి దళంలో తిరిగారు. ఆమె తలకు నిజాం ప్రభుత్వం 10,000 వెల కట్టింది. అదే మనిషి 1978లో, 1983లో తుంగతుర్తి ఎమ్మెల్యేగా గెలిచారు. అదే పోరాటాన్ని ముందుండి నడిపిన బొల్లేపల్లి రావి నారాయణరెడ్డి కూడా కలిగిన ఇంటివారే. 1952 ఎన్నికల్లో నల్లగొండ నుంచి నెహ్రూ కన్నా ఎక్కువ ఓట్లు తెచ్చుకున్నారు. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో, వినోబా భావే ముందు దళితులు 80 ఎకరాలు అడిగితే, వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నారు. భూదానోద్యమం అక్కడే మొదలైంది.

ఈ కథలు చెప్పేటప్పుడు ఒక సంగతి వదిలేస్తుంటారు. వీళ్లెవరూ ఒంటరిగా లేరు. స్వరాజ్యం వెనక ఆంధ్రమహాసభ ఉంది, అన్న భీమిరెడ్డి నర్సింహారెడ్డి ఉన్నారు. గడపగడపకూ సంఘం ఉంది. పోచంపల్లిలో అడిగినవాళ్లు కూడా కలిసే అడిగారు. యాష్ గదిలో ఇంకొక్క మనిషి చేసిన పనే ఇది. కాబట్టి మీరు కూడా ముందు ఆ ఒక్క మనిషిని వెతుక్కోండి. మీ వాడకట్టులో ఫంక్షన్ చెయ్యడానికి అప్పు చేసినామె ఉంటుంది, ఆమెతో మొదలుపెట్టండి. రెండిళ్లు ఒకే ఏడాది వద్దనుకుంటే అది ‘వాళ్ల పిసినారితనం’ అనిపించుకోదు.

ఏ విషయాల్లో సర్దుకుపోవాలి?

చాలావాటిలో. దేవుడి మీద నమ్మకం లేకపోయినా చెర్వుగట్టుకో కురుమూర్తి జాతరకో అమ్మను తీసుకెళ్లండి. బతుకమ్మ పేర్చడానికి తంగేడు పువ్వు కోసుకు రండి. అక్కకు ఒడిబియ్యం పోసే రోజు సెలవు పెట్టి వెళ్లండి. వీటిలో ఎవరి బతుకూ తాకట్టు పడదు, మనుషులు దగ్గరవుతారు. అన్నింటికీ అడ్డం తిరిగేవాడు అసలైన చోట ‘వద్దు’ అన్నా, ‘వాడెప్పుడూ అంతే’ అని తీసిపారేస్తారు.

నాది నిజాయితీయా, మొండితనమా అని ఎలా తెలుస్తుంది?

మీ మాట నెగ్గితే ఖర్చు ఎవరిదో చూడండి. మీదైతే సరే. మీరు అమెరికాలో కూర్చుని ‘దశదినకర్మ చెయ్యొద్దు’ అంటే, ఆ ఊళ్లో మాటలు పడేది మీ తమ్ముడు.

ఇవన్నీ మా నాయినకు ఎలా చెప్పాలి?

అందరి ముందు చెప్పకండి. కోపంలో చెప్పకండి. తాగి ఉన్నప్పుడు ఎవరు తాగినా సరే, అసలు చెప్పకండి. ఆయన మాట వినే మనిషి ప్రతి ఇంట్లో ఒకరుంటారు, చాలా ఇళ్లల్లో మేనత్త. ముందు ఆమెను ఒప్పించండి. అన్నదమ్ముడు చెబితే పోటీ అనుకునే మనిషి అక్కచెల్లె చెబితే వింటాడు. మిత్తి లెక్క వేసిన కాగితం దగ్గర పెట్టుకోండి. మొదటిరోజు ఆయన తిడతాడు, వాదించకుండా వచ్చెయ్యండి, కాగితం మాత్రం అక్కడే వదిలెయ్యండి. నాలుగైదు రోజుల తర్వాత ఆయనే ఏదో వంకతో ఆ సంగతి ఎత్తుతాడు. ఇదంతా ఫంక్షన్‌హాల్‌కు అడ్వాన్స్ కట్టకముందే జరగాలి. మాఘమాసం ముహూర్తాలకు హాళ్లు ముందే బుక్ అవుతాయి కాబట్టి దీపావళి లోపే మొదలుపెట్టండి.